పాత మెషిన్‌కి నురగ గండం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత వాషింగ్ మెషిన్లు ఇంకా చాలా ఇళ్ళలో తిరుగుతూనే ఉన్నాయి. తొంభైల్లో సారెతో పాటు దిగినవి కొన్ని, గల్ఫ్ డబ్బుతో కొన్నవి కొన్ని, విశాఖలో ఉద్యోగం చేసే కొడుకు కొత్తది కొనుక్కుని పాతదాన్ని ఊరికి లారీ ఎక్కించినవి మరికొన్ని. పెరటి వసారాలో కుళాయి పక్కన, ఒక కాలి కింద చెక్కముక్క పెట్టుకుని నిలబడి ఉంటాయి. పైనుంచి మూత తీసి బట్టలేసే రకం. రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్ అయినా, ఒకే టబ్బున్న పాత ఆటోమేటిక్ అయినా సరే, నన్నడిగితే వీటికి వయసు మీదపడి వచ్చే రోగాలకన్నా మనం గుప్పెళ్ళతో పోసే సర్ఫు తెచ్చిపెట్టేవే ఎక్కువ.

సోంపేట వైపు ఒక ఇంట్లో ఆదివారం ఉతుకుడు ఎలా సాగుతుందో ఊహించుకోండి. కోడలు చెంచాతో కొలిచి సర్ఫు వేస్తుంది. అత్తగారు గుమ్మంలోంచే చూస్తుంది.

"ఏటే అమ్మి, అంతేనా ఏసినావు? నురగొస్తే కదే మురికిపోద్ది!"

"సాలత్తా. ఎక్కువేస్తే డ్రయ్యర్ మొరాయిస్తంది."

"మొరాయిస్తదేటి, మహా!" అని ఆవిడ ఒక గుప్పెడు పోసేసి వెళ్ళిపోతుంది.

కాసేపటికి టబ్బులో చప్పుడు మారుతుంది. అంతదాకా బట్టలు నీళ్ళలో పల్టీలు కొడుతూ చేసిన దబదబ ఆగిపోయి, మెత్తటి చుయ్ చుయ్ మిగులుతుంది. మూత అంచు పక్కనుంచి తెల్లటి నురగ బయటికి తొంగిచూస్తుంది. నీళ్ళు వదిలితే నీళ్ళు పోతాయి, నురగ మాత్రం టబ్బు అడుగునే కూర్చుంటుంది. ఆ బట్టలే తీసి డ్రయ్యర్‌లో వేసి టైమర్ తిప్పితే అది ఊఁ అని మూలుగుతుందే తప్ప వేగం అందుకోదు. మూత తీసి చూస్తే లోపలి బుట్టకీ బయటి డొల్లకీ మధ్య సందంతా నురగే.

అత్తగారి నమ్మకాన్ని తీసిపారేయకండి. చేత్తో ఉతికినన్నాళ్ళూ అది ఆవిడకి పనికొచ్చింది. బకెట్లో నురగ చచ్చిపోయిందంటే వేసిన సబ్బంతా జిడ్డూ మురికీ తినేశాయని అర్థం. అప్పుడు ఇంకాస్త వెయ్యాల్సిందే. చేత్తో ఉతికేవాళ్ళకి ఇంతకంటే సులువైన కొలత లేదు. తిరకాసు ఆ తరవాతే మొదలవుతుంది. నురగ లేకపోతే సబ్బు చాలలేదనేది నిజం. నురగ ఎక్కువైతే బట్ట ఎక్కువ తెల్లబడుతుందనేది నిజం కాదు. నీటిలో ఒక హద్దు దాటాక ఎంత పొడి పోసినా నీటి తలతన్యత ఇక తగ్గదు. పైన పొంగేది బట్టల్లో పని దొరక్క మిగిలిపోయిన సర్ఫు.

చాకిరేవులో నురగతో పనే ఉండేది కాదు. రజకులు చౌడు నీళ్ళలో బట్టలు ముంచి, బానలో ఉబ్బ పెట్టి, రేవులో బండకేసి బాది, పారే నీటిలో జాడించేవారు. క్షారం, వేడి, దెబ్బ, నీళ్ళు, ఈ నాలుగే. నురగనిచ్చే కుంకుడుకాయ ఇంట్లోనే ఉన్నా దాన్ని తలంటుకీ, పట్టుచీరలకీ దాచుకునేవారు. మెషిన్ చేసేదీ ఆ రేవు పనే. పొడిలో క్షారం ఉంటుంది, చక్రం దెబ్బ వేస్తుంది, చివర జాడింపు ఉంటుంది.

మరి నురగ మీద ఇంత మోజు ఎలా పుట్టింది? మన దేశంలోకి 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో కర్సన్‌భాయ్ పటేల్ అహ్మదాబాద్‌లో నిర్మా మొదలుపెట్టారు. పసుప్పచ్చ పొడి ఊరూరికీ చేరింది. ఇవన్నీ బకెట్ కోసం పుట్టిన పొడులు. బకెట్లో నురగ వల్ల చేయి జారుతుంది, కంటికి తృప్తి, నష్టమేమీ లేదు. మెషిన్ దగ్గరికొచ్చేసరికి లెక్క వేరు. అమెరికా వాళ్ళకి ఈ బాధ మనకంటే ముందే తెలిసింది. అక్కడ బెండిక్స్ ఆటోమేటిక్ మెషిన్ 1937లోనే వచ్చింది. 1946లో టైడ్ వచ్చి నురగతో ఊరించింది. చివరికి ఆ టైడ్ తయారుచేసిన ప్రాక్టర్ అండ్ గాంబులే 1954లో ఆటోమేటిక్ మెషిన్ల కోసం డాష్ అని తక్కువ నురగ పొడిని విడిగా అమ్మాల్సి వచ్చింది. మన అంగళ్ళలో మ్యాటిక్ పేరుతో దొరికేవి ఆ కోవలోవే. సెమీ ఉన్నవాళ్ళు మాత్రం ఇప్పటికీ బకెట్ పొడే పోస్తారు. అది తప్పని అనను, ధరలో తేడా ఉంది. కొలత తెలిస్తే బకెట్ పొడితోనే బండి నడుస్తుంది. వీధిలోకి ఆటో మీద వచ్చే లూజు లిక్విడ్‌తో మాత్రం జాగ్రత్త. అందులో ఏది ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియదు, నురగ బాగా రావడమే దాని గొప్ప.

ఇక మెషిన్ లోపల జరిగేది చూద్దాం. బట్టకి బట్ట రాసుకోవడం, నీటి ఒరవడి బట్టలోంచి దూసుకుపోవడం వల్ల మురికి వదులుతుంది. నురగ నిండితే బట్టల మధ్య అది పరుపులా పడుకుంటుంది. చక్రం తిరుగుతుంది, దెబ్బ తగలదు. కాబట్టి ఎక్కువ సర్ఫు వేసిన రోజు బట్టలకి నిజానికి తక్కువ ఉతుకుడే పడుతుంది. ఆ పైన పొడి పూర్తిగా జాడించుకు పోదు. కాలరు దగ్గర దురద, నల్లప్యాంటు మీద తెల్లచారలు, తడిసినప్పుడల్లా జారుడు. పసిపిల్లల లంగోటీల్లో ఇలా సర్ఫు మిగలడం మరీ చెడ్డది.

డ్రయ్యర్ సంగతి ఇంకా ఘోరం. చిల్లుల బుట్ట గిర్రున తిరిగితే నీళ్ళు బయటికి చిమ్మి కిందికి జారిపోవాలి. సందులో నురగ ఉంటే బుట్ట దాన్ని చిలుకుతుంది, ఇంకా నురగ పుడుతుంది, అది బుట్టని వెనక్కి లాగుతుంది. మోటారు తిరగాల్సిన వేగానికి చేరదు, కరెంటు మాత్రం ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. సెమీల్లో ఉతికే చక్రానికి బెల్టు ఉంటుంది గానీ డ్రయ్యర్ బుట్ట సాధారణంగా మోటారుకే తిన్నగా బిగించి ఉంటుంది. కాబట్టి భారమంతా తిన్నగా మోటారు మీదే. ఒకే టబ్బున్న ఆటోమేటిక్‌లో అయితే బెల్టు జారి కాలిన రబ్బరు వాసన వస్తుంది. నీళ్ళని పంపుతో తోడే రకమైతే పంపు నీటి బదులు గాలిని మింగి ఉత్తినే గిరగిరలాడుతుంది, ఎందుకంటే నురగలో ముప్పాతిక వంతుకి పైగా గాలే.

ఇక్కడ మన పల్లెల వోల్టేజీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇలాంటి మోటారు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతుంది. 230 ఉండాల్సిన చోట సాయంత్రం 180 ఉంటే, మోటారుకి మిగిలేది దాని బలంలో పదింట ఆరు వంతులే. మామూలు బట్టలకి ఎలాగో లాగిస్తుంది. నురగ తోడైతే ఆగిపోయి మూలుగుతుంది. ఆ మూలుగు విన్న వెంటనే స్విచ్ తియ్యాలి. అలాగే మూలగనిస్తే వైండింగే పోతుంది. కాబట్టి ఊళ్ళో నీటి మోటార్లు ఆడి వోల్టేజీ పడిపోయే వేళ ఉతుకుడు పెట్టుకోకండి.

నురగ చేసే మూడో నష్టం కంటికి కనపడదు. షాఫ్ట్ చుట్టూ ఒక రబ్బరు సీల్ ఉంటుంది, నీళ్ళు కిందున్న మోటారు మీద పడకుండా. పాతబడ్డ సీల్ నీటిని ఎలాగో ఆపుతుంది, సన్నటి సందుల్లోకి పాకే సబ్బు నీటిని ఆపలేదు. అది ఎండాక సోడా పొర మిగులుతుంది, బేరింగ్ తుప్పు పడుతుంది. సముద్రపు గాలి తగిలే బారువ, కళింగపట్నం, భీమిలి వైపు ఊళ్ళలో రేకు బాడీకి ఎటూ తుప్పు తప్పదు, దానికి ఇది తోడు. విడిభాగాల సంగతి చూస్తే, ఒకప్పుడు ఇంటింటా కనిపించిన వీడియోకాన్ 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పాత మోడళ్ళకి సరిపోయే సీల్ బజార్లో దొరికితే అదృష్టమే. ఉన్నదాన్ని కాపాడుకోవడమే చవక.

నీళ్ళు మారితే కొలత మారాలి

ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇది ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. పక్క పక్క ఊళ్ళలో నీళ్ళు ఒకేలా ఉండవు. కొన్ని బోర్ల నీళ్ళలో పప్పు ఎంతకీ ఉడకదు, కేటిల్ అడుగున తెల్లపొర కడుతుంది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సర్ఫులో కొంత భాగాన్ని పట్టేసుకుంటాయి, నురగ అణిగి ఉంటుంది. పొడి కొంచెం ఎక్కువే కావాలి. తాగునీటికి మన దేశపు ప్రమాణంలో గట్టిదనం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. అంటే ఒక ఇంటి కుళాయికీ ఇంకో ఇంటి బోరుకీ మూడింతల తేడా ఉన్నా రెండూ 'తాగే నీళ్ళే'. మరి రెండింటికీ ఒకే గుప్పెడు ఎలా సరిపోతుంది?

ఉద్దానాన్నే తీసుకోండి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు. కిడ్నీ జబ్బు భయంతో ఏళ్ళ తరబడి నీటి గురించే మాట్లాడుకున్న నేల అది. 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని అక్కడికి తెచ్చే పథకాన్ని ప్రారంభించారు. నది నీరు సాధారణంగా బోరు నీటికంటే మెత్తగా ఉంటుంది. బోరుకి అలవాటుపడిన చెయ్యి కుళాయి నీటిలోనూ అంతే పోస్తే మెషిన్ నురగ కక్కుతుంది. మెషిన్ పాడైందని మెకానిక్‌ని పిలుస్తారు, మారింది నీళ్ళని ఎవరికీ తట్టదు. (తాగడానికి తెచ్చిన నీళ్ళతో బట్టలుతకొచ్చా అనేది వేరే పంచాయితీ, ఇక్కడ పెట్టను.) ఇల్లు మారినా, బోరు ఎండి ట్యాంకర్ తెప్పించుకున్నా ఇదే సంగతి. శ్రావణంలో డాబా మీది వాన నీళ్ళు పట్టుకుని ఉతికేవాళ్ళయితే మరీ జాగ్రత్త, వాన నీటికంటే మెత్తనిది లేదు.

మీ నీళ్ళెలాంటివో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. మూతున్న పారదర్శకమైన సీసాలో సగానికి నీళ్ళు పోసి, ఒంటి సబ్బుని చాకుతో గీకి ఆ తురుము కాస్త వేసి బాగా ఊపండి. పైన నిండా నురగ, కింద తేట నీళ్ళు ఉంటే మెత్తటి నీరు. నురగ అంతంతమాత్రమై, నీళ్ళు పాలవిరుగుడై, పైన తెట్టు కడితే గట్టి నీరు. సర్ఫు పొడితో ఈ పరీక్ష చెయ్యకండి, అది గట్టి నీటిలోనూ ఎంతోకొంత నురుగుతుంది.

కొలత సంగతికొస్తే, ప్యాకెట్ మీద రాసిన దాంట్లో సగంతో మొదలుపెట్టండి. పొడిని మగ్గులో ముందే కరిగించి పొయ్యండి. అయిదు నిమిషాలు తిరిగాక మూత తీసి చూడండి. నీటి మీద పలచటి పొర, మధ్య మధ్య బట్టలు కనపడుతూ ఉంటే సరిపోయింది. బట్టలే కనపడకుండా కప్పేస్తే ఎక్కువైంది, వచ్చేసారి తగ్గించండి. పొర మొత్తం పోయి నీళ్ళు బూడిదరంగులోకి తిరిగితే చాల్లేదు, అర చెంచా కలపండి. రెండో వాయి బట్టలు అవే నీళ్ళలో వేసేవాళ్ళయితే (నీటి కరువున్న ఊళ్ళలో అందరూ చేసేదే) మళ్ళీ పూర్తి కొలత వెయ్యకండి, మొదటి వాయిలో మిగిలింది అందులోనే ఉంటుంది. డబ్బాలో ఒక చెంచా శాశ్వతంగా పడేసి ఉంచితే ఇంట్లో ఎవరు ఉతికినా ఒకటే కొలత ఉంటుంది, అత్తాకోడళ్ళకి తగువూ ఉండదు.

మరక మొండిదైతే సర్ఫు పెంచడం మరో పొరపాటు. పలాస, మందస వైపు జీడి పరిశ్రమలో పనిచేసే వాళ్ళ బట్టల మీద నల్లటి జీడి మరకలుంటాయి. ఆ జీడినూనె గాలికి గట్టిపడి నారలో ఇమిడిపోతుంది, ఏ సర్ఫుకీ లొంగదు. దీని దాయాది నల్లజీడి గింజ రసంతోనే రజకులు ఎవరి బట్టకి వారి గుర్తు పెట్టేవారు, ఎన్ని ఉతుకులు పడ్డా చెరగదనే కదా! అలాంటి మరక మీద మూడు చెంచాలు పోస్తే మరక అలాగే ఉంటుంది, డ్రయ్యర్ ఆగుతుంది. పని బట్టలు వేరుగా ఉంచుకోవడమే మార్గం. నెల్లిమర్ల, రాజాం జూట్ మిల్లుల నుంచి వచ్చిన బట్టలయితే ముందు బయట దులపండి. ఆ నారపీచు చిక్కటి సబ్బు నీళ్ళతో కలిసి జాలీ సంచినీ డ్రెయిన్‌నీ మూసేస్తుంది. పొందూరు ఖద్దరు పంచెని మెషిన్లో వెయ్యొచ్చా అని అడిగేవాళ్ళకి నా జవాబు వెయ్యకండి అనే. గంజి కూడా మెషిన్లో పెట్టకండి, సందుల్లో మిగిలిన సబ్బుతో కలిసి అట్ట కడుతుంది.

పొంగిన రోజు

ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తియ్యండి. నేల తడిసి ఉంటే పొడి చెప్పులు వేసుకుని, పొడి చేత్తో. పాత మెషిన్లకి ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, రేకు బాడీకి తడి తగిలితే షాక్ కొట్టొచ్చు. డ్రయ్యర్ బుట్ట పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టొద్దు.

నీళ్ళు వదిలేసి ఒక కాఫీ తాగేంతసేపు ఊరుకోండి. నురగ దానంతటదే సగం కూలుతుంది. దాని మీద నీళ్ళు ధారగా పైనుంచి కొడితే ఇంకా లేస్తుంది, టబ్బు గోడవెంట నెమ్మదిగా, చన్నీళ్ళే పొయ్యాలి. వేడినీళ్ళు నురగని పెంచుతాయి. బట్టలు చేత్తో పిండి, సగం సగం చేసి బకెట్లో ఒకసారి జాడించి, ఆ తరవాత డ్రయ్యర్‌లో వెయ్యండి. డ్రయ్యర్ కూడా ఏకబిగిన కాకుండా ముందు కొన్ని సెకన్లు తిప్పి ఆపి, నీళ్ళు జారనిచ్చి, మళ్ళీ తిప్పండి.

నురగ ఎంతకీ అణగకపోతే ఫాబ్రిక్ కండిషనర్ ఒక మూత కలపండి. దాని విద్యుదావేశం సర్ఫుకి ఎదురు కాబట్టి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, నురగ కూలుతుంది. గట్టి నీళ్ళున్న ఇంట్లో పాత ఒంటి సబ్బు ముక్కని నీళ్ళలో కలిపి పోసినా పనిచేస్తుంది, అక్కడ పుట్టే సున్నపు తెట్టు బుడగల్ని పగలగొడుతుంది. ఉప్పు వేస్తే అణుగుతుందని కొందరంటారు. నౌపడా ఉప్పు చేతికందేంత దూరంలోనే ఉందని గుప్పెడు వెయ్యకండి, రేకు మెషిన్‌కి తుప్పుని పిలిచి పీట వేసినట్టే.

మెషిన్‌లో ఎన్నేళ్ళ సర్ఫు పేరుకుని ఉందో చూడాలంటే బట్టలు లేకుండా, పొడి లేకుండా, చెయ్యి పట్టగల వేడి నీళ్ళు నింపి పది నిమిషాలు తిప్పండి. పొడి వెయ్యకుండానే నురగ వస్తే అది పాత బాకీ. నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి తిప్పండి. సున్నపు పొర ఉంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు వెయ్యొచ్చు. నిమ్మ ఉప్పు వేసిన నీళ్ళలో బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎన్నడూ కలపొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. జాలీ సంచి తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఉతికిన తరవాత మూత వెంటనే మూసెయ్యకుండా లోపల ఆరనిస్తే ముక్కవాసన సగం తగ్గుతుంది.

ఇంతా చేశాక కూడా సరైన కొలతతోనే నురగ పొంగితే డ్రెయిన్ పైపు చూడండి. ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా దాని చివర టబ్బు అడుగుకంటే పైకి లేచి ఉంటుంది. సెమీల్లో రెండు టబ్బులకీ ఒకటే పైపు కాబట్టి ఉతికే టబ్బు నురగ డ్రయ్యర్ కిందికి ఎదురెక్కుతుంది. ఆ పైపు చివర పెరట్లో అరటిమొక్కకో కొబ్బరి చెట్టుకో తిప్పి ఉంటే ఉతికిన మొదటి నీళ్ళని కాలవలోకి వదిలి, జాడించిన నీళ్ళనే చెట్టుకి పెట్టండి. పొడిలోని సోడియం ఏటేటా పేరుకుంటే మట్టి గట్టిపడి నీరు ఇంకదు. మెకానిక్‌ని పిలిచినప్పుడు ఏ పొడి, ఎన్ని చెంచాలు, బోరా కుళాయా అన్నది ముందే చెప్పండి. వాటికి జవాబు తెలియకుండా సీల్ మార్చమంటే ఒప్పుకోకండి. కొత్త సీల్ వేసినా పాత గుప్పెడే పోస్తే దానికీ అదే గతి పడుతుంది.